మనవాళ్ళు పోయాక వచ్చే ప్రశ్నలు: అడిగేవి, అడగడానికి నోరు రానివి

నాన్న పోయి తొమ్మిదేళ్ళు, అమ్మ పోయి నాలుగేళ్ళు. నాన్న పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి నా కళ్ళముందే పోయారు. అమ్మ రాత్రి పడుకుని పొద్దున లేవలేదు, అప్పుడు నేను వేరే ఊళ్ళో ఉన్నాను. మొదటిదాంట్లో నేర్చుకున్నది రెండోదానికి దాదాపు ఏమీ పనికిరాలేదు. ఆ తర్వాత తెలిసినవాళ్ళు ఒక్కొక్కరూ నన్ను ప్రశ్నలు అడగడం మొదలుపెట్టారు, ఎక్కువగా అర్ధరాత్రి మెసేజ్‌లో, ఎక్కువగా "ఇలా అడగొచ్చో లేదో" అని మొదలుపెట్టి. ఆ ప్రశ్నలే ఇవి. నేను డాక్టర్ని కాను, కౌన్సెలర్ని కాను. పరిశోధకులు తేల్చినవి వాళ్ళ పేరు మీదే చెప్తాను, నా అనుభవం నాదిగా చెప్తాను.

ఏడుపు రావట్లేదు. నాకు ప్రేమ లేనట్టా?

కాదు. నాన్న పోయిన రోజు నాకు ఒక్క చుక్క రాలేదు. ఆసుపత్రి కాగితాల మీద సంతకాలు పెట్టాను, అందరికీ ఫోన్లు చేశాను, అవతల ఏడుస్తున్నవాళ్ళని నేనే ఓదార్చాను. "ఎంత గట్టి మనిషో" అని ఎవరో అన్నారు, లోపల మాత్రం అసలు నేను మనిషినేనా అనిపించింది. ఏడుపు రెండు నెలల తర్వాత వచ్చింది. ఏదో దరఖాస్తు నింపుతున్నాను, తండ్రి పేరు అని ఉన్న చోట అలవాటుగా పేరు రాసేశాను, రాశాక ముందు 'లేట్' అని పెట్టాలి కదా అని గుర్తొచ్చింది. అక్కడ చోటు లేదు. రెండక్షరాలు ఇరికించి రాస్తుంటే ఇంక ఆగలేదు, కౌంటర్ ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను, వెనక లైన్లో ఉన్నాయన ఏం మాట్లాడకుండా నా చేతిలో పెన్ను తీసుకుని మిగతా గళ్ళు నింపిపెట్టాడు.

మనిషి పోయారన్న సంగతి బుర్రకి ఒక్క క్షణంలో తెలిసిపోతుంది. చేతికి తెలీదు, కాళ్ళకి తెలీదు. సాయంత్రం ఏడింటికి ఫోన్ తీసే చెయ్యి తీస్తూనే ఉంటుంది. ఒక్కో అలవాటుకీ విడివిడిగా, మళ్ళీ మొదటినుంచి, ఆయన లేరని చెప్పుకోవాల్సి వస్తుంది, అందుకే ఇది ఇంతకాలం పడుతుంది అని నా నమ్మకం. కొందరికి ఏడుపు అసలు రాకపోవచ్చు కూడా. అది కూడా మామూలే.

దుఃఖానికి ఐదు దశలు ఉంటాయంటారు కదా. నాకు ఆ వరసలో జరగట్లేదు.

చాలామందికి జరగదు. ఎలిజబెత్ కుబ్లర్-రాస్ అనే మానసిక వైద్యురాలు 1969లో ఈ ఐదింటినీ చెప్పారు: నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం. కానీ ఆవిడ మాట్లాడింది చావు దగ్గరపడిన రోగులతో. అంటే అవి పోతున్నవాళ్ళ మనసు గురించి చెప్పిన మాటలు, తర్వాత జనం వాటిని మిగిలిపోయినవాళ్ళకి అంటించారు. అందరూ ఈ వరసలోనే నడుస్తారని తన ఉద్దేశం కాదని తర్వాత ఆవిడే చెప్పారు కూడా.

నాకు నచ్చిన మాట ఇంకొకటి ఉంది. మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో చెప్పింది: దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతూ ఉంటాడు. ఒకవైపు పోయినవాళ్ళ తలపు, బెంగ, ఏడుపు. ఇంకోవైపు కరెంటు బిల్లు, పిల్లల స్కూలు, కొత్తగా నెత్తిన పడ్డ పనులు. పొద్దున అటు, మధ్యాహ్నం ఇటు. ఈ ఊగడమే ఆరోగ్యం అంటారు వాళ్ళు. పొద్దంతా బాగానే ఉండి రాత్రి కుప్పకూలిపోతే వెనక్కి వెళ్ళిపోయామని బెంబేలు పడక్కర్లేదు.

చివరి రోజులు అని డాక్టర్లు చెప్పేశారు. పక్కన కూర్చోవాలంటే భయంగా ఉంది. ఏం చూడాల్సి వస్తుంది?

ఇది ఎవరూ ముందు చెప్పరు, చెప్పి ఉంటే నేను అంత హడలిపోయేదాన్ని కాదు. అందుకే కాస్త వివరంగా చెప్తాను.

తిండి, నీళ్ళు తగ్గిపోతాయి. ఆకలితో పోతున్నారని మన ప్రాణం కొట్టుకుంటుంది గానీ, ఆ దశలో శరీరం తిండిని వాడుకోలేదు, బలవంతంగా పెడితే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. దూదినో మెత్తటి గుడ్డనో తడిపి పెదాలు, నోరు తడిగా ఉంచితే చాలు, అది వాళ్ళకి నిజంగా హాయినిస్తుంది. నిద్ర పెరుగుతుంది. పాదాలు, చేతులు చల్లబడతాయి, మోకాళ్ళ దగ్గర చర్మం మీద ఊదా రంగు మచ్చలు అల్లుకున్నట్టు కనిపించవచ్చు. ఊపిరి లయ మారుతుంది: కాసేపు గబగబా, లోతుగా, తర్వాత మెల్లగా, తర్వాత పూర్తిగా ఆగి, మనం లేచి నర్సుని పిలవబోయేలోపు మళ్ళీ మొదలవుతుంది. దీనికి చెయిన్-స్టోక్స్ శ్వాస అని పేరుంది. గొంతులో గురగుర వినిపిస్తుంది. మింగలేక, దగ్గలేక గొంతులో నిలిచిన తడి మీదుగా గాలి వెళ్ళే చప్పుడది. వినేవాళ్ళకి నరకం గానీ, ఆ స్థితిలో ఉన్న మనిషికి సాధారణంగా అది తెలియదు. పక్కకి ఒత్తిగిలిస్తే కొంత తగ్గుతుంది. నొప్పి ఉన్నట్టు ముఖం ముడుచుకుంటే, ఆయాసంతో కొట్టుకుంటుంటే మాత్రం ఊరుకోవద్దు, వెంటనే అడగండి, మందులున్నాయి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (చివరి రోజుల్లో ఉన్నవాళ్ళని నొప్పి తగ్గించి చూసుకునే చోటు) పెట్టిన సిసిలీ సాండర్స్ నొప్పి ఒంటికి మాత్రమే కాదు, మనసుకి, కుటుంబానికి కూడా ఉంటుందని, దాన్నంతా కలిపి చూడాలని చెప్పారు. నయం చేయలేమన్నంత మాత్రాన చేయడానికి ఏమీ లేదని కాదు.

నాన్న విషయంలో ఆఖరి రాత్రి నేను ఆయన ఊపిరి మధ్య ఖాళీలు లెక్కపెడుతూ కూర్చున్నాను. పన్నెండు సెకన్లు, పద్దెనిమిది, ఒకసారి ముప్పై. ఒక ఖాళీలో లెక్క తొంభై దాటింది. నేను ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను, నర్సు వచ్చి నా భుజం మీద చెయ్యి వేసేదాకా. భయం వేయలేదు, నిజంగా. గది చాలా నిశ్శబ్దంగా అనిపించింది, అంతే.

స్పృహ లేదు. మాట్లాడితే వినిపిస్తుందా?

మాట్లాడండి. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు హాస్పిస్‌లో చివరి ఘడియల్లో, స్పందించని స్థితిలో ఉన్నవాళ్ళ మెదడు తరంగాలు చూసి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. కొందరి మెదడు శబ్దాల్లో మార్పుకి ఆరోగ్యవంతుల మెదడులాగే స్పందించింది. మాటల అర్థం తెలుస్తోందని దాన్నిబట్టి చెప్పలేం, కానీ చెవి మూసుకుపోలేదని చెప్పొచ్చు.

పెద్ద మాటలు దొరక్కపోతే చిన్నవే చెప్పండి. నేను నాన్నకి ఆ రోజు వర్షం పడుతోందని, ఆయన బండికి గాలి కొట్టించానని చెప్పాను. "మేం బాగానే ఉంటాం" అని కూడా చెప్పాను, అది చెప్పడానికి మాత్రం చాలాసేపు పట్టింది.

ఆఖరి నిమిషంలో నేను పక్కన లేను. ఇది నన్ను తినేస్తోంది.

అమ్మ విషయంలో నాది ఇదే. ముందురోజు రాత్రి ఫోన్ చేసింది, నేను పనిలో ఉండి "రేపు మాట్లాడతానమ్మా" అన్నాను. రేపు లేదు. ఆ మూడు మాటలు ఎన్ని వందల సార్లు విన్నానో నాకు నేను. వెళ్ళి చూస్తే ఆవిడ మాత్రల డబ్బా, వారంలో ఏడు రోజులకీ ఏడు గళ్ళు ఉంటాయే అలాంటిది, బల్ల మీద ఉంది. సోమ, మంగళ, బుధ ఖాళీ. గురువారం నుంచి ఆదివారం దాకా నిండుగా ఉన్నాయి. ఆ డబ్బా మూత తెరిచి మూసి, తెరిచి మూసి, ఎంతసేపు అలా ఉన్నానో.

మొదట్లో అందరూ "నీ తప్పేం లేదు" అనేవారు, దాంతో నాకేం తగ్గలేదు. తగ్గించింది ఇంకో ఆలోచన. ఆ ఫోన్ రాత్రి తొమ్మిదిన్నరకి వచ్చింది, అప్పటికి అమ్మకి తెలీదు, నాకు తెలీదు. తెల్లారాక తెలిసిన సంగతిని పట్టుకుని రాత్రి తొమ్మిదిన్నరకి ఉన్న నన్ను బోనులో నిలబెడుతున్నాను. అదీగాక "రేపు మాట్లాడతాను" అనేది ప్రేమ లేని మాట కాదు, రేపు ఉంటుందన్న నమ్మకం ఉన్నవాళ్ళే అనే మాట. ముప్పై ఏళ్ళ మా మాటల్లో ఆ ఒక్క రాత్రి ఎంత.

ఇంకొకటి. రోజులకొద్దీ మంచం పక్కనే ఉండి, ముఖం కడుక్కుందామని ఐదు నిమిషాలు బయటికి వెళ్తే అప్పుడే పోయారని చెప్పేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. హాస్పిస్ నర్సులు కూడా ఇది తరచుగా చూస్తామంటారు. ఎందుకలాగో ఎవరూ రుజువు చేయలేరు. కానీ మీరొక్కరే కాదు, ఆ సంగతి గుర్తుంచుకోండి.

పోయారని తెలిసినప్పుడు ఒక్క క్షణం హమ్మయ్య అనిపించింది. ఎవరికీ చెప్పుకోలేను.

చెప్పుకోండి, చాలామందికి అనిపిస్తుంది. నెలల తరబడి నిద్రల్లేకుండా సేవ చేసినవాళ్ళకి, మంచం మీద మనిషి నరకం అనుభవిస్తుంటే చూసినవాళ్ళకి ఆ మాట వస్తుంది. బాధ అయిపోయిందని హమ్మయ్య, మనిషి పోయారని దుఃఖం, రెండూ ఒకే గుండెలో ఉంటాయి. పోకముందే దుఃఖం మొదలైపోవడం కూడా ఉంది, మరపు జబ్బు వచ్చినవాళ్ళ ఇళ్ళలో అయితే ఏళ్ళకేళ్ళు ముందు. ఇక మిమ్మల్ని బాధపెట్టిన మనిషి పోతే, కొట్టిన తండ్రి, వదిలేసిన తల్లి, అప్పుడు ఇంకా చిక్కు. ఉన్న మనిషి కోసం ఏడవలేరు, ఉండాల్సిన మనిషి కోసం ఏడుస్తారు. అది కూడా నిజమైన దుఃఖమే.

నా గుండె నిజంగానే నొప్పిగా ఉంది. ఇదంతా మనసేనా?

మనసు, ఒళ్ళు అని విడదీయడం ఇక్కడ కుదరదు. 1942లో బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ అనే నైట్‌క్లబ్ తగలబడి 492 మంది చనిపోయారు. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్ళని, వాళ్ళలో ఆ ప్రమాదంలో పోయినవాళ్ళ తాలూకు మనుషులూ ఉన్నారు, గమనించిన మానసిక వైద్యుడు ఎరిక్ లిండెమన్ 1944లో ఏం రాశారంటే, దుఃఖం అలలు అలలుగా వస్తుంది, ఒక్కో అల ఇరవై నిమిషాల నుంచి గంట దాకా ఉంటుంది, గొంతు పట్టేసినట్టు, ఊపిరి అందనట్టు, కడుపులో ఖాళీ, ఒంట్లో సత్తువ లేకపోవడం, ఊరికే నిట్టూర్పులు. ఇది చదివినప్పుడు ఎవరో నన్ను చూసి రాసినట్టే అనిపించింది. అల అన్న మాట నాకు పనికొచ్చింది, వచ్చినప్పుడు ఇది గంటలో దిగిపోతుందిలే అని పట్టుకుని కూర్చునేదాన్ని.

అయితే ఛాతీ నొప్పిని దుఃఖమేలే అని వదిలేయకండి. విపరీతమైన షాక్‌కి గుండె కండరం ఒక్కసారిగా బలహీనపడే పరిస్థితి ఒకటుంది, టకోట్సుబో అంటారు. జపాన్ డాక్టర్లు 1990లో పెట్టిన పేరది, అక్కడ ఆక్టోపస్‌లని పట్టే కుండ ఆకారంలోకి గుండె గది ఉబ్బుతుంది కాబట్టి. నెలసరి ఆగిపోయిన వయసు ఆడవాళ్ళలో ఎక్కువ, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, కానీ అది మామూలు గుండెపోటా ఇదా అన్నది ఆసుపత్రిలోనే తేలుతుంది. భార్య పోయిన 4,486 మంది మగవాళ్ళని, అందరూ 55 దాటినవాళ్ళే, బ్రిటన్‌లో గమనించి 1969లో ప్రచురించిన లెక్కలో మొదటి ఆరు నెలల్లో మరణాలు మామూలుకన్నా సుమారు 40 శాతం ఎక్కువ ఉన్నాయి. కాబట్టి ఇంట్లో మిగిలిన పెద్దవాళ్ళు బీపీ మాత్రలు వేసుకుంటున్నారా, తింటున్నారా, ఎవరో ఒకరు చూడాలి.

ఆయన గొంతు వినిపించింది. పిచ్చెక్కుతోందా?

లేదు. వేల్స్‌లో డ్యూయి రీస్ అనే డాక్టరు భార్యనో భర్తనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ప్రచురించారు. దాదాపు సగం మంది పోయినవాళ్ళు దగ్గర్లోనే ఉన్నట్టు అనిపించిందనో, కనిపించారనో, వినిపించారనో చెప్పారు. చాలామంది అంతకుముందు ఎవరికీ చెప్పలేదు. ఎక్కువమందికి అది ధైర్యాన్నే ఇచ్చింది. నాకు నాన్న చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపించేది. అదేంటో నేను తేల్చుకోదలచుకోలేదు. ఆ గొంతు మిమ్మల్ని హాని చేసుకోమంటే, లేదా భయపెడుతుంటే మాత్రం అది వేరే సంగతి, డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వాళ్ళ బట్టలు, వస్తువులు, ఫోన్ ఏం చేయాలి?

తొందరపడి ఏదీ పారేయొద్దు, ఇదొక్కటే నేను గట్టిగా చెప్పే మాట. మంచి మనసుతోనే ఎవరో వచ్చి "నీకెందుకు బాధ, నేను సర్దేస్తాను" అని బీరువా ఖాళీ చేసేస్తారు. తర్వాత దిండు గలీబు వాసన కోసం వెతుక్కుంటాం. తేల్చుకోలేనివన్నీ ఒక పెట్టెలో పెట్టి మూసేయండి, ఏడాది తర్వాత తెరవండి. అప్పుడు చాలావాటిని మీ చేతులే తేలిగ్గా వదిలేస్తాయి.

నాన్న ఫోన్‌లో పొద్దున 5:10కి అలారం ఉండేది. ఆయన పోయాక కూడా రోజూ మోగేది, అమ్మ లేచి ఆపేసి మళ్ళీ పడుకునేది. తీసేయనా అని అడిగితే వద్దంది. అలా ఏడు నెలలు. ఒకరోజు తనే నా చేతికిచ్చి "ఇంక తీసెయ్యి" అంది. నేనేమీ అడగలేదు. ఆ ఏడు నెలల్లో ఆ అలారం ఆవిడకి ఏం చెప్పిందో ఆవిడకే తెలుసు.

పని విషయానికొస్తే, సిమ్ వెంటనే రద్దు చేయకండి. బ్యాంకులు, బీమా, పెన్షన్ అన్నిటికీ ఓటీపీలు ఆ నంబరుకే వస్తాయి, అవన్నీ తేలేదాకా రీఛార్జ్ చేస్తూ ఉండండి. ఫొటోలు, వాయిస్ మెసేజ్‌లు కనీసం రెండు చోట్ల కాపీ చేసుకోండి. నంబరు వదిలేస్తే కొన్నాళ్ళకి అది ఇంకెవరికో ఇస్తారు, ఆ సంగతి తెలిసి ఉండండి. నాకు తెలీదు. అమ్మ పేరు పక్కన ఒకరోజు ఎవరిదో పసిపిల్ల ఫొటో వచ్చింది, ఆ రోజంతా పనిచేయలేకపోయాను. మీరు ఉండగానే మీ ఖాతాలు ఎవరు చూడాలో పెట్టిపోవచ్చు: గూగుల్‌లో 2013 నుంచి, ఫేస్‌బుక్‌లో 2015 నుంచి, యాపిల్‌లో 2021 నుంచి ఆ ఏర్పాటు ఉంది. పది నిమిషాల పని, మీ తర్వాత మిగిలేవాళ్ళకి పెద్ద మేలు.

పిల్లలకి ఎలా చెప్పాలి?

చనిపోయారు అనే చెప్పండి. నిద్రపోయారంటే పిల్లలు నిద్రకి భయపడతారు, దూరం వెళ్ళారంటే నన్నెందుకు వదిలి వెళ్ళారని అలుగుతారు, తలుపు వైపు చూస్తారు. చావంటే మళ్ళీ రారని, శరీరం పనిచేయడం ఆగిపోతుందని, అందరికీ ఎప్పుడో జరుగుతుందని చాలామంది పిల్లలకి ఐదు నుంచి ఏడేళ్ళ మధ్య అర్థమవుతుంది. అంతకన్నా చిన్నవాళ్ళు అడిగిందే అడుగుతారు. విసుక్కోకుండా చెప్పిందే చెప్పండి. "నేను అల్లరి చేసినందుకా?" అన్న అనుమానం చాలామంది పిల్లల లోపల ఉంటుంది, నోటితో అడగరు, కాబట్టి వాళ్ళు అడక్కపోయినా "నీవల్ల కాదు" అని చెప్పాలి. ఐదు నిమిషాలు ఏడ్చి బంతి పట్టుకుని పరిగెడితే, వీడికి ఏమీ పట్టలేదనుకోవద్దు. పిల్లలు దుఃఖాన్ని అలాగే ముక్కలు ముక్కలుగా తీసుకుంటారు. మీరు వాళ్ళ ముందు ఏడవొచ్చు. మా అక్క కొడుకు నా కళ్ళు తుడిచి "తాతకి చెప్పులు ఇక అక్కర్లేదా?" అని అడిగాడు. అక్కర్లేదు నాన్నా అన్నాను. ఆ జవాబు నేను కూడా అప్పుడే విన్నట్టు అనిపించింది.

అంత దగ్గరి బంధువు కాదుగా, ఎందుకంత బాధ అంటున్నారు.

స్నేహితుడు, విడిపోయిన భర్త, ఎవరికీ తెలియని ప్రేమ, కడుపులోనే పోయిన బిడ్డ, పెంచుకున్న కుక్క. వీళ్ళ కోసం ఏడిస్తే సెలవు ఇవ్వరు, పరామర్శకి రారు. లోకం గుర్తించని ఈ దుఃఖం గురించి కెన్నెత్ డోకా అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. దీని బరువు రెట్టింపు, ఎందుకంటే మోయడంతో పాటు దాచాలి. నమ్మకమైన ఒక్క మనిషికైనా చెప్పండి. గర్భం పోయినవాళ్ళతో మాత్రం "మళ్ళీ పుడతారులే" అనొద్దు, దయచేసి. వాళ్ళు ఏడుస్తున్నది ఈ బిడ్డ కోసం.

మనిషి కనపడకుండా పోయి, ఉన్నారో లేరో తెలియనివాళ్ళది ఇంకా దారుణం. వాళ్ళని "ఇక మర్చిపో" అనే హక్కు ఎవరికీ లేదు.

తనంతట తనే ప్రాణం తీసుకున్నాడు. నేను ముందే కనిపెట్టి ఉండాల్సింది కదా?

వెనక్కి తిరిగి చూస్తే ప్రతి మాటా గుర్తులాగే కనిపిస్తుంది. ఆ రోజుల్లో అవి వంద మాటల మధ్య కలిసిపోయి ఉన్నాయి. ఒక్క కారణంతో, ఒక్క గొడవతో అలా జరగదు, ఎన్నో కలిసి ఉంటాయి, వాటిలో చాలావాటికి మనకి తలుపు కూడా ఉండదు. ప్రేమతో పాటు కోపం వస్తుంది, నన్నెలా వదిలి వెళ్ళాడని, ఆ కోపానికి సిగ్గుపడొద్దు. అలా మనిషిని పోగొట్టుకున్నవాళ్ళకి తమకి కూడా ఆ ఆలోచన వచ్చే ముప్పు ఎక్కువ. వస్తే ఒంటరిగా ఉండకండి, ఆ గంటలోనే ఎవరికైనా చెప్పండి, ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి లేదా ఆసుపత్రికి వెళ్ళండి. రేపటికి వాయిదా వేయకండి.

ఎన్నాళ్ళు? ఎప్పుడు డాక్టర్ని కలవాలి?

సిగ్మండ్ ఫ్రాయిడ్ 1917లో దుఃఖం గురించి రాస్తూ, పోయినవాళ్ళ నుంచి మనసుని కొద్దికొద్దిగా వెనక్కి తెచ్చుకోవడమే దాని పని అన్నారు. మూడేళ్ళకి, 1920లో, ఆయన కూతురు సోఫీ ఇన్‌ఫ్లూయెంజాతో పోయింది. 1929లో, ఆమె బతికుంటే 36 ఏళ్ళు నిండే రోజున, కొడుకుని పోగొట్టుకున్న స్నేహితుడికి ఉత్తరం రాశారు. ఆ ఖాళీ ఎప్పటికీ పూడదని, పూడకపోవడమే సరైనదని దాని సారం. సిద్ధాంతం రాసిన మనిషే కూతురు పోయిన తొమ్మిదేళ్ళ తర్వాత అలా రాశారంటే, ఏడాదిలో తేరుకోలేదని మిమ్మల్ని మీరు తిట్టుకోవడం ఎందుకు?

అయినా ఒక హద్దు ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11, 2022లో అమల్లోకి వచ్చింది, అందులో దీర్ఘకాలిక దుఃఖ రుగ్మత అని చేర్చారు, కనీసం ఆరు నెలలు దాటాలి. అమెరికా మానసిక వైద్యులు అదే ఏడాది తమ జాబితాలో పెద్దవాళ్ళకి పన్నెండు నెలలు అని పెట్టారు. నెలలు గడిచినా రోజూ, రోజంతా అదే తీవ్రత, పని చేయలేకపోవడం, మనుషుల్ని తప్పించుకోవడం, నాలో సగం చచ్చిపోయిందన్న భావన వదలకపోతే వెళ్ళండి. దీనికోసమే తయారుచేసిన చికిత్స ఉంది, పనిచేస్తుంది. నిద్ర పూర్తిగా పోయినా, మందు తాగడం పెరిగినా నెలలు ఆగక్కర్లేదు.

దుఃఖంలో ఉన్నవాళ్ళతో ఏం మాట్లాడాలి?

"వయసైపోయింది కదా", "అదృష్టవంతులు, నిద్రలో పోయారు", "నువ్వు ధైర్యంగా ఉండాలి", ఇవి వద్దు. "ఏం కావాలన్నా అడుగు" అనేది మంచి మాటే గానీ అడిగే ఓపిక ఎవరికి ఉంటుంది. "రేపు పదింటికి వస్తాను, ఆ సర్టిఫికెట్ల పని నేను తిరుగుతాను" అనండి, వెళ్ళండి. మొదటి వారం ఇల్లంతా జనం ఉంటారు, మూడో నెలలో ఎవరూ ఉండరు. మూడో నెలలో ఫోన్ చేయండి. పోయినవాళ్ళ పేరు ఎత్తడానికి భయపడకండి, గుర్తుచేసి ఏడిపిస్తామేమో అనుకుంటాం, వాళ్ళు మర్చిపోతే కదా గుర్తుచేయడానికి.

నాకు అందరికన్నా మేలు చేసింది నాన్నతో కలిసి చదువుకున్న ఒక పెద్దాయన. ఓదార్చలేదు. కూర్చుని, నాన్నకి పందొమ్మిదేళ్ళప్పుడు సైకిల్ రాదని, తను నేర్పుతుంటే మురికి కాలవలో పడ్డారని, ఆ చొక్కా ఉతుక్కుని ఆరేదాకా ఇంటికి వెళ్ళలేదని చెప్పారు. అది నాకు తెలీదు. పోయిన మనిషి గురించి కొత్త సంగతి తెలియడం అంటే, ఇంక ఏమీ రాదనుకున్న చోటు నుంచి ఏదో అందడం. మీ దగ్గర అలాంటివి ఉంటే దాచుకోకండి, రాసి అయినా పంపండి.

నవ్వితే తప్పు చేసినట్టు అనిపిస్తోంది.

నవ్వండి. మీరు నవ్వినంత మాత్రాన వాళ్ళు ఇంకాస్త దూరం జరగరు.

ఇప్పుడు నాకు చావంటే భయం పట్టుకుంది.

అమ్మానాన్నలు ఉన్నంతకాలం మనకీ చావుకీ మధ్య వాళ్ళు నిలబడి ఉన్నట్టు ఉంటుంది. వాళ్ళు పోయాక ముందు వరసలోకి మనమే వస్తాం. నాకు ఏడాదిపాటు ప్రతి తలనొప్పీ పెద్ద జబ్బులాగే అనిపించింది, రాత్రుళ్ళు నాడి చూసుకునేదాన్ని. ఒకసారి పూర్తి పరీక్షలు చేయించుకుని, ఆ తర్వాత వీలునామా, బీమా, ఎవరికి ఏం చెప్పాలో అవన్నీ ఒక కవర్లో పెట్టాను. నాకు చివరి రోజుల్లో ఏ చికిత్స కావాలి, ఏది వద్దు అన్నది ఇంట్లోవాళ్ళకి చెప్పాను. విచిత్రంగా ఆ కవర్ అంటించిన రోజు నుంచి నిద్ర పట్టింది. నాన్న విషయంలో ఆ నిర్ణయాలు వెంటిలేటర్ పక్కన నిలబడి, ఆయన్ని అడగలేని స్థితిలో తీసుకున్నాం. ఆ టెన్షన్ నా పిల్లలకి వద్దు.

వాళ్ళ గొంతు మర్చిపోతున్నాను.

నాకూ అదే భయం ఉండేది. నాన్న గొంతు రికార్డు మా దగ్గర ఒక్కటే, పదకొండు సెకన్లు, ఎవరికో దారి చెప్తున్నారు. అది వింటే నిజంగా ఆయన గొంతేనా అనిపించేది, కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుందామంటే దొరికేది కాదు. ఒకటి మాత్రం చేయండి, గుర్తున్నవి గుర్తున్నప్పుడే రాసి పెట్టుకోండి: ఏ మాట ఎలా పలికేవారు, దేనికి విసుక్కునేవారు, ఫోన్ ఎత్తగానే మొదట ఏమనేవారు. వరస అక్కర్లేదు, వాక్యాలు బాగుండక్కర్లేదు.

పోయిన నెల తమ్ముడు ఇంటికి వచ్చాడు. పొద్దున్నే పక్క గదిలో లేచి దగ్గాడు. రెండుసార్లు చిన్నగా, ఒకసారి గట్టిగా, తర్వాత గొంతు సవరించుకోవడం. నేను అక్కడికక్కడే ఆగిపోయాను. "మళ్ళీ దగ్గరా" అన్నాను గోడ ఇవతల నుంచి. వాడికి అర్థమైంది. కాసేపాగి మళ్ళీ దగ్గాడు.